ఉప్పు బండికి బహుపరాకు

ఏ రాజ్యమో పేరు అడక్కండి, చెప్పినా మీరు చూసిన చోటు కాదు. సముద్రానికి మూడు ఆమడల దూరంలో, ఒకానొక రాజ్యంలో గండభైరవ భూపాలుడని ఒక రాజు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే కథ సగానికి వచ్చేసరికి మీరు ఆయన్ని తిట్టుకుంటారు. ఆయనకున్న జబ్బల్లా ఒక్కటే, ఇరవైమూడు బిరుదులు. ఆ ఇరవైమూడూ వరసగా ఎవరైనా చదివితే గానీ ఆయన గుమ్మం దాటి అడుగు బయటపెట్టేవాడు కాదు.

ఆయన కొలువులో కొండుభట్టు అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుగారికి ఆవలింత వచ్చిందంటే "ఏమయ్యా భట్టూ" అనేవారు. భట్టు ఏదో ఒకటి అనేవాడు. కొలువంతా ఘొల్లుమనేది. ఆ పూటకు ఆయన ఉద్యోగం అంతే. నోట్లోంచి మాట ఎంత తొందరగా వస్తే అంత గొప్ప అనుకునేవాడు పాపం.

ఇక అసలు సంగతికొస్తాను. కోటకు ఉత్తరంగా కోసు దూరంలో నాలుగు దారులు కలిసే కూడలి ఒకటి ఉంది. తూర్పు నుంచి ఉప్పు బండ్లు వస్తాయి, ఉత్తరం నుంచి ధాన్యం బండ్లు, చలికాలంలో చెరకు బండ్లు. ఉత్తరపు దారి వాలుగా దిగుతుంది, బరువు బండి అందుకుందంటే ఎద్దులు ఆపలేవు. సరిగ్గా ఉప్పు దారీ ధాన్యం దారీ కలిసే మూలన కొండంత మట్టి దిబ్బ, ఉత్తరపు దారి దాని వెనకనుంచి చుట్టి వస్తుంది. రాజుగారి తాతగారు కందకం తవ్వించినప్పుడు పోయించిన మట్టి అది. దాని పుణ్యమా అని ఒక దారిలో వచ్చే బండి రెండో దారివాడికి మీదికి వచ్చేదాకా కనబడదు. ఉప్పు దారి ఒక అధికారిది, ధాన్యం దారి ఇంకొకరిది. దిబ్బ నాది కాదంటే నాది కాదని ఇద్దరూ పదేళ్ళుగా కమ్మలు రాసుకుంటున్నారు.

ఆ కూడలి పక్కన గవరమ్మ అనే ఆవిడ జొన్న అంబలి అమ్ముకునేది. ఆవిడ మొగుడు సన్యాసి, కావడి భుజాన వేసుకుని, దారికి అవతలున్న బావి నుంచి రోజుకు నాలుగైదుసార్లు నీళ్ళు తెచ్చేవాడు. ఒక వేసవిలో గవరమ్మ చెంగు నడుముకు చుట్టుకుని నేరుగా కొలువుకే వచ్చింది.

"మహారాజా, ఆ దిబ్బ తీయించండి. బండ్లు గుద్దుకుంటున్నాయి. మొన్న ఒక ఎద్దు చచ్చింది, రేపు మనిషి పోతాడు. దారి దగ్గర ఒక మనిషిని నిలబెట్టినా చాలు" అంది.

రాజుగారికి అప్పటికే రెండు ఆవలింతలు వచ్చాయి. "ఏమయ్యా భట్టూ, నువ్వేమంటావు?" అన్నారు.

కొండుభట్టు ఆలోచించలేదు. ఆలోచిస్తే చమత్కారం చల్లారిపోదూ! "ప్రభూ, తప్పు దిబ్బది కాదు, ఈవిడ అంబలిది. బండివాళ్ళు దారి చూడటం మానేసి ఈవిడ కుండ వైపు చూస్తున్నారు. దిబ్బ కూడా తీసేశామా, కుండ కోసు దూరం నుంచే కనబడుతుంది. ఇక ఒక్క బండి మిగలదు!" అన్నాడు.

రాజుగారు పొలమారేదాకా నవ్వారు. కొలువంతా నవ్వింది. ఇంత నవ్వు తెప్పించినందుకు గవరమ్మకు ఒక చీర ఇప్పించి పంపేశారు. దిబ్బ దిబ్బలాగే ఉంది.

శ్రావణమాసంలో ముసురు పట్టింది. ఒక పొద్దున సన్యాసి కావడితో దారి దాటుతున్నాడు. దిబ్బ వెనకనుంచి ధాన్యం బండి దిగింది. బండివాడు అరిచాడు, ఎద్దుల పగ్గాలు లాగాడు, ఏడ్చాడు కూడా. ఏం లాభం? సన్యాసి అక్కడికక్కడే పోయాడు.

ఆ కబురు కొండుభట్టు చెవిన పడింది. రెండు రోజులు ఆయన కొలువుకు వెళ్ళలేదు. కడుపులో నొప్పని చెప్పి పంపాడు. మూడోనాడు కాళ్ళీడ్చుకుంటూ కూడలికి వెళ్ళాడు. గవరమ్మ అంబలి పోస్తోంది. పక్కనే మొగుడి కావడి ఉంది, దాని బద్ద ఒకచోట విరిగితే తాడుతో కట్టుకుంది. ఇప్పుడు నీళ్ళు తనే తెచ్చుకుంటోందన్నమాట, అదే దారి దాటి.

"గవరమ్మా…" అన్నాడు.

ఆవిడ ముంత చేతికిచ్చింది. "ఆ వేళ మీరు బాగా నవ్వించారు బాబూ. నిజం చెప్పొద్దూ, నాక్కూడా నవ్వొచ్చింది. దారంతా నవ్వుకుంటూనే ఇంటికెళ్ళాను. మా ఆయనకు చెబితే ఆయనా నవ్వాడు" అంది.

తిట్టినా బాగుండేది. ముంత విసిరినా బాగుండేది. కొండుభట్టు అంబలి ముట్టకుండానే ముంత కింద పెట్టేశాడు.

మర్నాడే రాజుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, చమత్కారం కాదు, నిజంగానే అడుగుతున్నాను. ఆ కూడలి బాగు చేయించండి. ఇంకో మూడు నెలల్లో చెరకు బండ్లు దిగుతాయి. రోజుకు వందల బండ్లు. గవరమ్మ కూడా మొగుడి దారినే పోతుంది."

రాజుగారు చెయ్యి ఊపేశారు. "ఏ కూడలి? ఉత్తరపు కూడలా? మేము దాన్ని పదకొండుసార్లు దాటాం. ఒక్కసారైనా ఒక్క బండి ఎదురు రాలేదే! అంత నిమ్మళమైన చోటు మా రాజ్యంలో ఇంకొకటి లేదు. అందుకే అక్కడ మా విజయతోరణం కట్టించబోతున్నాం. పన్నెండు వందల వరహాలు తీసి పక్కన పెట్టించాం."

కొండుభట్టుకు అప్పుడు తెలిసింది రోగం ఎక్కడుందో. రాజుగారు బయల్దేరితే వాడుక ఏమిటి? గడియ ముందే బిరుదులు చదివే ఇరవైనలుగురు వందిమాగధులు కొమ్ములు ఊదుతూ ముందుగా పోతారు. "బహుపరాకు! తొలగండి!" అంటూ బండ్లన్నిటినీ పొలాల్లోకి తోలేస్తారు. పల్లకి వచ్చేసరికి దారి తుడిచిపెట్టినట్టుంటుంది. పదకొండుసార్లు కాదు, నూట పదకొండుసార్లు దాటినా రాజుగారికి బండి కనబడదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, పాపం. ఆయన చూసింది అంతే.

భట్టు వంగి దణ్ణం పెట్టాడు. "తోరణమా! ఎంత ముచ్చటైన ఆలోచన ప్రభూ! అయితే ఒక చిక్కుంది. తోరణం ఎంత ఎత్తుండాలి? ఏలినవారి బిరుదులు అక్కడ ఎంత దూరం వినబడతాయో చూస్తే గానీ కొలత తేలదు. వందిమాగధుల్ని మూడు రోజులు నాకు అప్పగిస్తే కొలిచి, ఖర్చు అంచనాతో సహా వస్తాను."

పొగడ్తకు పడని రాజు ఎక్కడున్నాడు? ఇరవైనలుగురినీ ఇచ్చేశారు.

భట్టు వాళ్ళను తీసుకెళ్ళి కూడలిలో నాలుగు వైపులా నిలబెట్టాడు. "బండి ఏదొచ్చినా రాజుగారు వచ్చినట్టే. కొమ్ము ఊదండి, బిరుదులు చదవండి, రెండో దారిని ఆపండి. నడిచి దాటేవాళ్ళకూ అంతే" అన్నాడు.

వాళ్ళ పెద్ద జగ్గుదాసు నోరు తెరిచాడు. "ఉప్పు బండికి బిరుదులా? తలలు ఎగిరిపోతాయి భట్టుగారూ!"

"ఎగిరేది నా తల. నువ్వు కొమ్ము ఊదు" అన్నాడు భట్టు. ఆ మాట అనేటప్పుడు ఆయనకు భయం వెయ్యలేదంటే నేను నమ్మను.

ఇంక చూడండి సంబరం! బస్తాల మీద కునుకు తీస్తూ వచ్చే ఉప్పు బండివాడు "శత్రుభయంకర! మదగజసింహ! బహుపరాకు!" అన్న కేక విని బండి మీంచి దూకి సాష్టాంగ పడ్డాడు. మేకను తోలుకుపోతున్న ముసలాయన తన వెనక రాజుగారున్నారేమోనని నాలుగుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాడు. గవరమ్మ కావడెత్తితే పన్నెండుమంది కొమ్ములూదారు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోతూ దారి దాటింది. రెండు రోజుల్లో అక్కడ ఒక్క చక్రం ఇంకో చక్రానికి తగల్లేదు.

మూడోనాడు కబురు కోటకు చేరింది. మన బిరుదులు ఉప్పు బండికి చదువుతున్నారట! రాజుగారికి ఒళ్ళు మండిపోయింది. అప్పటికప్పుడు పల్లకి ఎక్కారు. ముందు నడవడానికి వందిమాగధులు ఏరీ? అందరూ కూడలిలోనే ఉన్నారు. కొమ్ము లేదు, బిరుదు లేదు, ఉత్త పల్లకి. పుట్టి బుద్ధెరిగాక రాజుగారు అలా వెళ్ళడం అదే మొదటిసారి.

బోయీలు పరుగున కూడలిలోకి దిగబోతుంటే జగ్గుదాసు అడ్డంగా చెయ్యి చాచి, "ఆగు! ఆగు! బండి దిగుతోంది!" అని గావుకేక పెట్టాడు. పల్లకిలో ఎవరున్నారో వాడు చూసుకోలేదు. బోయీలు కాలు నిలదొక్కుకున్నారో లేదో, దిబ్బ వెనకనుంచి ఇరవై బస్తాల ధాన్యం బండి పల్లకికి రెండు బారల దూరంలో దడదడమంటూ దూసుకుపోయింది. ఎద్దుల నోటి నురగ వచ్చి రాజుగారి శాలువా మీద పడింది.

ఆయన కిందికి దిగారు. ముఖం పాలిపోయింది. గవరమ్మ బల్ల మీద కూలబడ్డారు. ఒక బండి పోయింది, ఇంకొకటి వచ్చింది. ఉప్పు, ధాన్యం, కట్టెలు, మళ్ళీ ఉప్పు. అర గడియలో పంతొమ్మిది లెక్కపెట్టారు.

"ఏమయ్యా భట్టూ, ఇన్ని బండ్లు ఎక్కణ్ణించి వచ్చాయి?"

"రోజూ ఉంటాయి ప్రభూ. తమరు వచ్చిన రోజే ఉండవు."

రాజుగారు దిబ్బ వైపు తల తిప్పారు.

"ఈ చోటు నిమ్మళంగా ఉంటుందని తమరు సెలవిచ్చారు. ఆ నిమ్మళం ఎక్కడుందా అని వెతికాను. మట్టిలో లేదు, దారిలో లేదు. తమ ముందు నడిచే ఈ ఇరవైనలుగురిలో ఉంది. అందుకని మూడు రోజులు అందరికీ తలా కాస్త పంచాను. తప్పయితే తల ఇదుగో."

"అయితే ఏమంటావు? ప్రతి ఉప్పు బండికీ మా వందిమాగధుల్ని పంపమంటావా?"

"అంచనా తెచ్చాను ప్రభూ." భట్టు మొదటి తాటాకు తీశాడు. "పగలు రాత్రి వంతులవారీగా మనుషులు, కొమ్ములు, బిరుదులు చదివి గొంతు పోయినవాళ్ళకు మిరియాల కషాయం, అన్నీ కలిపి ఏడాదికి పన్నెండు వేల వరహాలు. ఒక్క కషాయానికే మూడు వందలు." రెండో తాటాకు తీశాడు. "లేదూ, ఆ దిబ్బ తవ్వించి, ఆ మట్టితోనే నడిచేవాళ్ళకు పక్కన గట్టు వేయించి, వాలు మీద బండి నెమ్మదించేలా మూడు చోట్ల రాళ్ళు పరిపించి, ఇవతల వైపు ఒక బావి తవ్వించి, పగలంతా ఇద్దరు మనుషుల్ని నిలబెడితే మొదటి ఏడాదికి నూట డెబ్భై. తమ తోరణానికి ఇంకా వెయ్యి పైన మిగులుతాయి. దాన్ని కోట గుమ్మం ముందు కట్టిస్తే ఏ బండికీ అడ్డు రాదు."

రాజుగారు రెండు ఆకులూ చూశారు. శాలువా మీది నురగ చూసుకున్నారు. ముందు మీసం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. ఆ పైన పగలబడి నవ్వారు. "కషాయానికి మూడు వందలా! పదకొండుసార్లు దాటాం కదయ్యా, పదకొండుసార్లూ గుడ్డివాళ్ళలా దాటాం!" అంటూ చేతి కంకణం తీసి భట్టు చేతికి తొడిగారు. రెండో ఆకు మీద అక్కడే ముద్ర వేశారు. బోయీలు నవ్వారు, జగ్గుదాసు నవ్వాడు, బండివాళ్ళూ నవ్వారు.

కొండుభట్టు నవ్వలేదు. రాజుగారు ఇంత తేలిగ్గా ఒప్పుకునే మనిషని ఇన్నేళ్ళు పక్కనే ఉండి కూడా తనకు తెలియలేదు. వేసవిలోనే తన నోటి తీటను ఈ పనికి వాడి ఉంటే! నవ్వించడానికి పట్టిన క్షణమే, ఆ చావును ఆపడానికీ పట్టేది. బంగారు కంకణం చేతికి బరువుగా ఉంది, తీసి ఎక్కడైనా పారేద్దామనిపించింది.

ఆ తర్వాత కూడా ఆయన చాలా ఏళ్ళు కొలువులో ఉన్నాడు. చమత్కారాలూ చెప్పాడు. అర్జీ పట్టుకుని ఎవరైనా వచ్చారంటే మాత్రం వాళ్ళు చెప్పి ముగించి బయటికి వెళ్ళేదాకా నోరు మెదిపేవాడు కాదు. రాజుగారు "ఏమయ్యా భట్టూ" అన్నా సరే.

ఇంకొక్క సంగతి చెప్పి లేస్తాను. పని పూర్తయిన సాయంత్రం కొండుభట్టు కూడలికి వెళ్ళాడు. దిబ్బ లేదు. ఉత్తరపు దారి అల్లంత దూరం నుంచి తెరిచినట్టు కనబడుతోంది. బండ్లు రాళ్ళ మీద నెమ్మదిగా దిగుతున్నాయి. చెరకు బండ్లకు ఇంకా రెండు నెలల పైనే గడువుంది. ఆ కంకణం అమ్మిన డబ్బు మూటగట్టి గవరమ్మ ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు ఆ దారి వైపే చూసింది.

"ఎన్నాళ్ళు పట్టింది బాబూ ఇదంతా?" అని అడిగింది.

"తొమ్మిది రోజులు" అన్నాడు, కాస్త సంతోషంగానే.

గవరమ్మ గరిటె కుండలో వదిలేసి కింద కూర్చుంది. "తొమ్మిది రోజులేనా?" అంది. "ఆ మాట నాకు చెప్పకుండా ఉండాల్సింది బాబూ."