గంట కట్టిన గిన్నె

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో జంతువులన్నీ కలిసి ఒక చర్చి కట్టుకున్నాయి. ఇటుకలన్నీ యేసుపాదం అనే గాడిదే మోశాడు. కట్టడం పూర్తయ్యాక, నీ చోటు గుమ్మం బయట అన్నారు.

ప్రభువు బల్లకు, అంటే అందరూ ద్రాక్షరసం పంచుకుని తాగే ఆరాధనకు, గిన్నెలు కడిగేది మార్తమ్మ అనే ముసలి గొర్రె. గిన్నెలు రెండు. రెండూ ఒకే అచ్చులో పోసిన ఇత్తడివి. లోపలివాళ్లందరికీ ఒకటి, గాడిదకు ఒకటి. గాడిద గిన్నెకు గుర్తుగా నల్లదారం కట్టి ఉండేది.

మార్తమ్మకు మతిమరుపు. ఏదైనా గుర్తుండాలంటే ఒంటిమీది బొచ్చుకు ముడి వేసుకునేది. ఒళ్లంతా ముడులే. ఏ ముడి ఎందుకు వేసిందో మాత్రం గుర్తుండేది కాదు. "ఈ పని కూడా పోతే నన్ను మూలన కూర్చోబెడతారు తండ్రీ" అని రోజూ ప్రార్థన చేసుకునేది.

ప్రభువు గాడిదనెక్కి వచ్చినందుకు గుర్తుగా చేసుకునే మట్టల ఆదివారం వచ్చింది. పాస్టరు సమాధానంగారు ఒక కొంగ. ఆయన గాడిదనెక్కి ఊరేగారు. అందరూ ఈతమట్టలు ఊపుతూ "హోసన్నా" అని పాడారు. గాడిద మెడలో దండ కూడా వేశారు. చర్చి దగ్గరికి రాగానే సంఘపెద్ద విలియంగారు, ఆయన గుర్రం లెండి, ఆ దండ తీసేసుకున్నారు.

"సంతోషం యేసుపాదం. ఇక నీ చోట్లో నిలబడు" అన్నారు.

ఆ హడావుడిలో వాగులో గిన్నెలు కడుగుతుంటే దారం ఊడి నీళ్లలో కొట్టుకుపోయింది. మార్తమ్మ రెండు గిన్నెలూ పట్టుకుని గాడిద దగ్గరికి పరుగెత్తింది.

"ఒరే యేసుపాదం, నీ గిన్నె ఏదిరా?"

"నాకేం తెలుసు అవ్వా? రెండిట్లోనూ పోసేది ఒకే రసం కదా!"

మార్తమ్మ ఏదో ఒకటి లోపలికి ఇచ్చేసింది. అందరూ తాగారు. తాగాక విలియంగారు అడిగారు, "దారమేదీ?"

"ఊడిపోయింది బాబూ. ఏది ఎవరిదో తెలియలేదు."

విలియంగారు వాగు దగ్గరికి పరుగెత్తి నీళ్లలో చూసుకున్నారు. "అయ్యో, నా చెవులు పెరుగుతున్నాయి!"

వెంటనే చెవుల కమిటీ వేశారు. కోతి గడ్డిపరక పట్టుకుని అందరి చెవులూ కొలిచింది. ఎవరివీ పెరగలేదు. చెవులే లేని పాము మాత్రం "నావి ఊడిపోయాయి" అని బావురుమంది.

"పైకి కనపడవు. లోపల పెరుగుతాయి" అన్నారు విలియంగారు.

"మీరేమంటారు పాస్టరుగారూ?" అంది మార్తమ్మ.

కొంగ ఎప్పుడూ ఒంటికాలి మీదే నిలబడేవారు. రెండో కాలు ఎవరి పక్కన దించితే ఎవరికి కోపం వస్తుందోనని భయం. "ప్రార్థన చేద్దాం" అన్నారు. కాలు దించలేదు.

గాడిద గిన్నెకు గంట కట్టాలని కమిటీ తేల్చింది. వచ్చే ఆదివారం ఈస్టర్. ఆ రోజు కూడా మార్తమ్మ తప్పు చేస్తే ఆమె పని మేకకు ఇచ్చేస్తారు.

వారమంతా మార్తమ్మ వల్లె వేసింది. "గంట ఉన్నది గాడిదది, గంట లేనిది మనది."

గుమ్మం బయట గడ్డి నములుతూ విన్నాడు యేసుపాదం. "నన్ను వేరు పెట్టడానికి ఎంత కష్టపడుతున్నావు అవ్వా!" అని నవ్వాడు.

మార్తమ్మకు నవ్వు రాలేదు. ఆ రాత్రి నిద్ర కూడా రాలేదు.

ఈస్టర్ రోజు గణగణమని చప్పుడు చేస్తూ ఒక్క గిన్నే పట్టుకొచ్చింది.

"మళ్లీ మరిచిపోయావా ముసలిదానా? మా గిన్నె ఏదీ?" అన్నారు విలియంగారు.

"మరవలేదు బాబూ. గంట ఉన్నది గాడిదది, లేనిది మీది. బాగా గుర్తుంది. అందుకే మీది తేలేదు. అందులో కోళ్లకు నూకలు పోశాను. ఇవాళ అందరికీ ఇదే."

"నీ పని పోయింది!"

"పోనీ బాబూ. ఒకటే గిన్నె అయితే గుర్తుపెట్టుకునేదేముంది? మేక కడిగినా ఒకటే, మీరు కడిగినా ఒకటే."

"నా గిన్నె లోపలికి వచ్చిందిగా, నేనూ వస్తున్నా" అని యేసుపాదం గుమ్మం దాటాడు.

అందరూ కొంగ వంక చూశారు. కొంగ గజగజ వణికారు. వణుకుతూనే రెండో కాలు దించారు. గిన్నె అందుకుని ముందు గాడిదకు ఇచ్చి, తర్వాత తాను తాగారు. ఆ తర్వాత పాము పరుగున వచ్చింది, ఈసారైనా చెవులు మొలుస్తాయేమోనని. దాని వెనక ఒక్కొక్కరే లేచారు.

విలియంగారు విసురుగా బయటికి వెళ్లి, గుమ్మం దగ్గర ఎండలో నిలబడ్డారు.

యేసుపాదం పక్కకు జరిగి చోటు చూపించాడు. "లోపలికి రండి పెద్దాయనా. అక్కడ మధ్యాహ్నానికి కాళ్లు కాలతాయి. ఆ చోటు సంగతి నాకు తెలుసు."

నీతి: తోటివాణ్ణి గుమ్మం బయట నిలబెట్టి, దేవుణ్ణి మాత్రం లోపలికి రమ్మంటే రాడు.