హల్మోని రెండో చెప్పు

ఊఁ కొడతానంటేనే చెబుతాను. అనగనగా ఒక ఊళ్ళో, మన ఊరు కాదే అమ్మలూ, సముద్రాల అవతల కొరియా దేశంలో ఓడలు కట్టే ఊళ్ళో, పైడితల్లి అని ఒక పిల్ల ఉండేది. వాళ్ళ నాన్న ఓడలకు వెల్డింగు చేసేవాడు. అమ్మ చేపల షెడ్డులో పనికెళ్ళేది. పిల్లని చూసుకోవడానికి మనవాళ్ళెవరున్నారక్కడ? అందుకని బడి వదిలాక పక్కింటి ముసలమ్మ దగ్గర ఉండేది. ఆవిడని హల్మోని అని పిలిచేది. వాళ్ళ భాషలో అమ్మమ్మ అని అర్థం.

హల్మోని కాగితం పనిలో దిట్ట. చెట్టు బెరడుతో చేసే కాగితం అది, గుడ్డంత గట్టిది. దాన్ని సన్నగా చీల్చి, మనం ఒత్తులు చేసుకున్నట్టు పురిపెట్టి, తాళ్ళు పేనేది. ఆ తాళ్ళతో బుట్టలు అల్లేది. పైడితల్లి చూస్తూ చూస్తూ నేర్చేసుకుంది. మొదట దాని తాళ్ళు వానపాముల్లా వచ్చేవి. ఆ తర్వాత ఏది ఎవరు పేనిందో చెప్పడం కష్టమైపోయింది.

ఒక చలికాలం హల్మోనికి దగ్గు పట్టుకుంది. అప్పుడు ఆవిడ ఒక మూట విప్పింది. తను కాపురం చేసిన పాత ఇంటి తలుపులకు అంటించిన కాగితం అది. ఇల్లు పడగొట్టేముందు ఒలిచి దాచుకుంది. దాంతో చెప్పులు అల్లడం మొదలెట్టింది. పోయినప్పుడు కాళ్ళకు తొడగడానికట. అక్కడి పెద్దవాళ్ళు కొందరు చివరి ప్రయాణానికి తామే అన్నీ సిద్ధం చేసుకుంటారు. కుడికాలి చెప్పు పూర్తయింది. ఎడమకాలి దానికి వేళ్ళు సహకరించలేదు.

"ఇది నువ్వు అల్లిపెట్టు తల్లీ. మా ఇంట్లో నడుస్తూ వెళ్ళినట్టుంటుంది నాకు," అంది.

పైడితల్లేమో కాగితానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే పిల్లాయె! ఇంటికెళ్ళి అమ్మనడిగింది.

"కాయితంతో చెప్పులేటే? సరస్వతమ్మని తొక్కడం కాదా? పాపం చుట్టుకుంటాది, ఒద్దు," అంది వాళ్ళమ్మ. మర్నాడు పిల్ల అదే మాట చెప్పేసింది.

హల్మోని కోప్పడలేదు, నవ్వింది. కొన్నాళ్ళాగి మళ్ళీ అడిగింది. "పిచ్చిదానా, ఈ గది నేలంతా కాగితమేగా. నూనె పట్టించి పరిచాం. ఇన్నాళ్ళూ దాని మీదే నడిచావు."

అప్పుడేమైందనుకున్నావ్? పిల్ల నిప్పు తొక్కినట్టు బయటికి దూకింది. ఆ రోజునుంచి గడప దాటి లోపలికి రాలేదు. చలికి వణుకుతూ వాకిట్లోనే నిలబడేది. హల్మోని లోపలే దగ్గుతూ ఉండేది.

మూడోసారి ఆవిడ పాక్కుంటూ గడపదాకా వచ్చింది. ఆ తలుపుల కాగితంతో పేనిన తాళ్ళన్నీ పిల్ల చేతుల్లో పెట్టింది. "ఇంకెక్కడా లేవివి. నీ ఇష్టం," అంది.

పైడితల్లి బాగా ఆలోచించింది. చెప్పు అల్లితే పాపం. పైగా చెప్పు ఉంటేనేగా హల్మోని పోయేది, లేకపోతే ఎలా పోతుంది? అందుకని ఆ తాళ్ళతో చిన్న పూలబుట్ట అల్లింది. గట్టిపడటానికి హల్మోని నేర్పినట్టే మన తునికికాయలాంటి వగరు పచ్చికాయ రసం పూసి ఆరబెట్టింది. అమ్మవారి పటం ముందు పెట్టి, మా హల్మోనిని బతికించు తల్లీ అని దణ్ణం పెట్టుకుంది. చిన్నపిల్ల బుద్ధి, ఏం చేస్తాం!

హల్మోని ఆ వారంలోనే పోయింది.

కూతురు పట్నంనుంచి వచ్చి, స్నానం చేయించి, బట్టలు కట్టింది. కుడికాలికి చెప్పు తొడిగింది. "రెండోది అల్లమని నీకిచ్చానని చెప్పింది అమ్మ. ఏదమ్మా?" అని పైడితల్లిని అడిగింది.

పిల్ల ఇంటికి పరుగెత్తింది. బుట్ట తీసి విప్పబోయింది. రసం పట్టిన తాడు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. లాగితే ఫెళ్ళున విరిగింది. ఇంకోటి లాగింది, అదీ విరిగింది. అప్పుడు ఏడుపొచ్చింది దానికి, అలాంటిలాంటి ఏడుపు కాదు.

ఇక చేసేదేం లేక, విరిగిన బుట్టనే పట్టుకొచ్చింది. కాగితం నేల మీద మోకాళ్ళ మీద కూర్చుంది. అమ్మవారికిచ్చిన బుట్టని తన చేత్తోనే ఆ చల్లటి ఎడమపాదానికి తొడిగింది. పిల్ల వెనకే వచ్చి నిలబడ్డ వాళ్ళమ్మ వద్దనలేదు, వంగి పాదం ఎత్తి పట్టుకుంది. వేళ్ళు పట్టాయి. పాదం పట్టలేదు. ఎంత తోసినా మడమ బయటే ఉండిపోయింది.

అలాగే తీసుకెళ్ళారమ్మా.

నడిచి నడిచి కథ కంచికెళ్ళింది,
నా తల్లి కంటికి కునుకొచ్చింది.