పేర్రాజు మెత్తిన పొయ్యి

"నేను చెప్పేది మంచి మాటే గదా గురువుగారూ, మరి మా తమ్ముడికి ఎందుకు ఎక్కడం లేదు?" అని అడిగాడు పేర్రాజు.

అతని తమ్ముడు కామేశానికి భార్య పోయి ఏడాది కావస్తోంది. అప్పట్నుంచీ కొట్టు తెరవడు, వేళకి తినడు, మనిషి చిక్కి సగమయ్యాడు. పేర్రాజు రోజూ సాయంత్రం వెళ్ళి హితబోధ చేసి వస్తున్నాడు. పోయిన మనిషి తిరిగి రాదనీ, కొట్టు తెరిస్తే మనసు కుదుటపడుతుందనీ, ఒళ్ళు ఇలా పాడుచేసుకోకూడదనీ. ఒక్కటీ అబద్ధం కాదు పాపం. నిన్న మాత్రం అన్నగారి చెప్పుల చప్పుడు వినగానే కామేశం లోపల గడియ పెట్టేసుకున్నాడట. "వీడు కూడా మాకు దక్కడేమోనని భయంగా ఉంది" అన్నాడు పేర్రాజు.

ఆశ్రమం నడిపే మా గురువుగారు చిదంబరయ్యగారికి అడిగినదానికి జవాబు చెప్పే అలవాటు లేదు. ఏదో ఒక పని పురమాయిస్తారు. ఒక్కోసారి మాకు ఒళ్ళు మండేది కూడా. ఆవేళా అంతే. "వంటశాలలో పెద్దపొయ్యి అంచు పగిలింది. రేపు అన్నదానం ఉంది. కాస్త మట్టి మెత్తిపెట్టు" అన్నారు.

పేర్రాజు పనిదొంగ కాడు. ఏటిగట్టు నుంచి జిగురుమట్టి తెచ్చి, రాళ్ళేరి, ఊక కలిపి, వెన్నలా పిసికాడు. పగుల్లోకి కూరి పైన నున్నగా అలికాడు. వంకాయలు తరుగుతూ చూస్తున్న నేను కూడా భేష్ అనుకున్నాను. మర్నాడు మంట వేసి అన్నం గుండిగ ఎక్కించామో లేదో, ఆ మెత్తిందంతా పెచ్చులా ఊడి నిప్పుల్లో పడింది. గుండిగ ఒరిగింది. పక్కనున్నవాళ్ళం పట్టుకోబట్టి గానీ, లేకపోతే వచ్చినవాళ్ళంతా పస్తుండాల్సిందే.

పొయ్యి చల్లారాక పేర్రాజు మళ్ళీ మెత్తాడు. ఈసారి ఇంకా ఎక్కువ మట్టి, ఇంకా గట్టిగా. మర్నాటికి అదీ ఊడింది. "మట్టిలో లోపమేం లేదు గురువుగారూ, ఈ పొయ్యే మంచిది కాదు" అన్నాడు విసుగ్గా.

గురువుగారు చెంబుతో నీళ్ళు తెచ్చుకుని పొయ్యి ముందు చతికిలబడ్డారు. పగుల్లోని మసీ బూడిదా వేలితో తీసి నీళ్ళు చిలకరించారు. ఏళ్ళ తరబడి కాలిన గోడ అది, చుక్క పడగానే పీల్చేసింది. మళ్ళీ చిలకరించారు. చెంబు అయిపోతే ఇంకో చెంబు తెమ్మన్నారు. పేర్రాజు మట్టిముద్ద పట్టుకుని నిలబడే ఉన్నాడు.

"ఇక పెట్టనా గురువుగారూ?"

"ఆగు నాయనా, ఇంకా తాగుతోంది."

చాలాసేపటికి పగులు అంచులు మెత్తబడ్డాయి. అప్పుడు అదే మట్టిలోంచి గుప్పెడంటే గుప్పెడు తీసుకుని బొటనవేలితో అద్దారు. ఆ అతుకు మళ్ళీ ఊడలేదు. పేర్రాజు దానివంక కాసేపు చూసి, చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా తమ్ముడింటికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళదాకా మళ్ళీ కనబడలేదు. వచ్చాక గురువుగారి ఎదురుగా కూర్చుని, తప్పు చేసినవాడిలా నేలచూపులు చూస్తూ చెప్పాడు. "తలుపు కొట్టలేదు గురువుగారూ. అరుగుమీద కూర్చున్నాను. చీకటి పడ్డాక వాడే తీశాడు. మా మరదలి సంగతులే చెప్పుకుంటూ కూర్చున్నాడు. ఆ పిల్ల నవ్వేది, కోప్పడేది, అన్నీనూ. వింటూ వింటూ నేనూ ఏడ్చాను. తర్వాత ఇద్దరం ఇంత అన్నం వండుకు తిన్నాం. ఆవేళే కాదు, ఈ నాలుగు రోజులూ ఇదే తంతు. వాడికి చెప్పాలనుకున్న మాట ఒక్కటంటే ఒక్కటి చెప్పలేదు. మరిచేపోయాను."

"మరిచిపోయావు గదా," అన్నారు గురువుగారు. "ఇక రోజూ వెళ్ళు."