ముగ్గురవ్వల తేనె టీ

అనగనగా, మంచు ఇళ్ళలోకి కూడా వచ్చి కూర్చునే ఒక కొండ ఊళ్ళో బుద్రి అని ఒకావిడ ఉండేది. ఆవిడ మొగుడు గాసిరాం. ఇంటి వెనక వాలులో వాళ్ళకి నాలుగు వరసల టీ మొక్కలు. బుద్రి లేత ఆకు గిల్లి, నీడన వాడబెట్టి, అరచేతుల మధ్య నలిపేది. ఆకు నల్లబడ్డాక ఆరబెట్టి కుండలో దాచేది. పాలు లేవు, పంచదార లేదు. ఆకు డికాషను, అందులో కొండ తేనె. అదే వాళ్ళ టీ.

గాసిరాం తేనెపట్లు దింపేవాడు. ఆ కొండకి ఒక కట్టడి ఉంది. పట్టు దింపినవాడు చెయ్యెడు ముక్క ఈగలకి వదిలేసి రావాలి. ఒకనాడు వాడికి పెద్ద బండ కింద ఇంతేసి పట్టు కనిపించింది. ఆశ పుట్టింది. పొగపెట్టి మొత్తం గీకేశాడు. చిటికెడు కూడా వదల్లేదు.

అప్పుడు ఇంటికొచ్చి తేనె కుండ దింపాడు.

"కాళ్ళు కడుక్కున్నావా?" అంది బుద్రి.

వాడు నోరు తెరిచాడు. "జుమ్మ్‌మ్‌మ్" అంది నోరు.

"చాల్లే వేషాలు" అంది. మళ్ళీ "జుమ్మ్‌మ్‌మ్". కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నోట్లోంచి మాత్రం ఈగల మోత. బుద్రి వాడి రొమ్ము మీద చెవి పెట్టింది. లోపల వెయ్యి రెక్కలు కొట్టుకుంటున్నాయి తల్లీ!

మర్నాడు పొద్దున్నే మంచులోంచి ముగ్గురవ్వలు వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ముగ్గురికీ ఒకటే మొహం. గడ్డి మీద నడిచి వచ్చారా, ఒక్క మంచుబొట్టు రాలలేదు.

"నీ మొగుడి గొంతు మా దగ్గరుంది" అంది మొదటి అవ్వ.

"వాడు మా ఇల్లంతా పట్టుకొచ్చాడు. మేం గొంతొక్కటే తీసుకున్నాం" అంది రెండో అవ్వ.

"మా తేనెతో మాకు టీ పొయ్యి. మూడు పొద్దులు వస్తాం. మూడోనాటికి మా గ్లాసులు ఖాళీ అయితే గొంతు నీది. లేకపోతే మాదే" అంది మూడో అవ్వ.

బుద్రి గబగబా నీళ్ళూ ఆకూ తేనే కలిపి పొయ్యిమీద పడేసింది. బుడబుడా కాగింది. అవ్వలు వాసన చూసి మొహాలు తిప్పుకున్నారు.

"వాడు పెట్టిన పొగ చాలలేదా? నువ్వు తేనెని ఉడకబెట్టావు కూడానా?" అని మంచులో కలిసిపోయారు. ఆ రోజంతా గాసిరాం మోత ఆగలేదు.

రెండో పొద్దు తేనె ఉడకబెట్టలేదు. కానీ భయం కదా తల్లీ, గుప్పెళ్ళతో ఆకు వేసింది. తియ్యాలా వద్దా అని అలాగే నానబెట్టేసింది. అవ్వలు ఒక్క గుటక వేసి గ్లాసులు బోర్లించారు. "ఇది టీ కాదే, నీ భయం" అన్నారు. ఆ సాయంత్రం గాసిరాం ముక్కులోంచి ఒక ఈగ బయటికొచ్చి, అటూ ఇటూ చూసి, మళ్ళీ లోపలికెళ్ళిపోయింది.

ఆ తర్వాత మూడో పొద్దు. బుద్రి ఏడుపు మానేసింది. నీళ్ళు తెర్లగానే దింపింది. మనిషికి చిటికెడు ఆకు వేసి మూతపెట్టింది. నలభై ఊపిర్లు లెక్కపెట్టింది. మూత తీస్తే, ముడుచుకు పడుకున్న పిల్లలు కాళ్ళు చాపినట్టు ఆకులన్నీ విచ్చుకున్నాయి. వడగట్టింది. వేలు పెడితే ఓర్చుకునేంత చల్లారాక, కుండలో ఉన్న తేనంతా పోసేసింది. రాగి రంగు టీ, ఇల్లంతా పూల వాసన.

అవ్వలు తాగారు. చివరి బొట్టుదాకా తాగారు. ఖాళీ గ్లాసులు సన్నగా మోగడం మొదలెట్టాయి.

"ఇందులో ఒక్కటే నీ మొగుడిది. ఎంచుకో" అన్నారు.

మొదటి గ్లాసు చెవి దగ్గర పెట్టుకుంది. "బుద్రీ, నా బంగారమా, వచ్చేశాను" అంది గొంతు. రెండోది, "బుద్రీ, చలేస్తోంది, నన్ను తీసుకుపో" అంది. మూడోది, "ఏయ్! ఊరందరికీ పోస్తున్నావు, నాకేదీ?" అని కసురుకుంది.

ఏడేళ్ళ కాపురంలో గాసిరాం ఒక్కనాడైనా ఆవిడని పేరు పెట్టి పిలిచాడా? బుద్రికి నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. మూడో గ్లాసు తీసుకెళ్ళి వాడి నోట్లో ఒంపింది. వాడి నోట్లోంచి ఈగలు ఒక్కొక్కటే బయటికొచ్చి మంచులోకి ఎగిరిపోయాయి. వాడు దగ్గాడు. కుండలోకి తొంగిచూశాడు.

"అంతా పోసేశావా?"

"పోసేశాను."

"మంచిపని చేశావు" అన్నాడు, తల దించుకుని.

బుద్రి వాకిట్లోకి పరిగెత్తింది. "అవ్వా, ఆ రెండు గొంతులూ ఎవరివి?"

"ఎప్పుడో ఇలాగే పట్టంతా గీకేసినవాళ్ళవి. వాళ్ళకి టీ కాచేవాళ్ళు ఎవరూ లేకపోయారు" అని మాట మాత్రం వినిపించింది. అవ్వలు లేరు.

మర్నాడు బుద్రి నాలుగు గ్లాసులు పోసింది. తేనె లేదు, ఉత్త టీ. రెండు గ్లాసులు అరుగు మీద పెట్టింది.

"అవెవరికే?" అన్నాడు గాసిరాం.

"ఆ రెండు గొంతులవాళ్ళకి. చలేస్తోందంది పాపం, ఒక గొంతు" అంది.

మంచు విడిపోయేసరికి రెండు గ్లాసులూ ఖాళీ. పక్కన గడ్డి మీద మాత్రం రెండు జతల కాలిగుర్తులు, తడితడిగా, కొండ దిగి ఊళ్ళవైపు వెళ్తున్నాయి.

మంచేమో కొండెక్కె, ఈగేమో గూడెక్కె,
కథేమో కంచికి బండెక్కె,
మా బుజ్జితల్లేమో మంచమెక్కె!