లోకనాథం బండికున్న మేనిఫోల్డ్

కాలేషా మేస్త్రిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన జవాబు చెప్పేవాడు కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించి, మళ్లీ తన పనిలో పడిపోయేవాడు. గాజువాక ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లుగా ఇంజన్లు విప్పి బిగించిన మనిషి ఆయన. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు ఊరంతా ఉన్నారు గాని, చివరిదాకా ఆయన షెడ్డులోనే ఉండిపోయినవాడు దాలినాయుడు ఒక్కడే. పన్నెండేళ్లు అలా ఉండిపోయాక ఒకనాడు ఆ దాలినాయుడు అడిగిన ప్రశ్న ఇది:

"గురువుగారూ, లోకనాథం బండికి పెట్టిందే మన బండికీ పెడదామా?"

మన బండి అని అతనన్నది డాక్టర్ హైమవతి గారి కారుని. ఆమె ఆసుపత్రిలో మత్తుమందు ఇచ్చే డాక్టరు. ఎప్పుడో ఓడ మీద దిగిన రెండు తలుపుల అమెరికా కారు ఆమెది. స్టీరింగు ఎడమవైపు, బానెట్ కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్, రెండు లారీలకు సరిపడేంత. ఆమె రోజూ దాన్లోనే డ్యూటీకి వెళ్లేది. ఏడాదికోసారి, వాడకంలో లేని ఒక పాత రన్‌వే మీద జరిగే పావు మైలు పందేనికి కూడా దాన్నే తీసుకెళ్లేది. ఆ ఏడు మేనిఫోల్డ్ పగిలింది. కార్బొరేటర్‌లో కలిసిన గాలినీ పెట్రోలునీ ఎనిమిది సిలిండర్లకూ పంచే అల్యూమినియం పోత అది. ఆమె రెండు రకాలు తెప్పించి, "ఏది సరిపోతే అది బిగించండి, రెండోది తిప్పి పంపేస్తాను" అని మేస్త్రికి చెప్పి వెళ్లింది. ఎంచే బాధ్యత మేస్త్రి దాలినాయుడి మీద పెట్టాడు.

ఒకటి ఎత్తయినది. లోపల ఒకే ఒక ఖాళీ గది, అందులోంచి ఎనిమిది పొట్టి దారులు తిన్నగా సిలిండర్లలోకి దిగుతాయి. ఇంజన్ చెలరేగి తిరిగేటప్పుడు దానికి సాటి లేదు. రెండోది పొట్టిది, లోపల రెండంతస్తులుగా వంపులు తిరిగిన దారులు. పైవేగంలో అది కొంచెం వెనకబడుతుంది. కాని ఇంజన్ నెమ్మదిగా తిరిగినా ప్రతి సిలిండర్‌కీ సమంగా అందిస్తుంది. ఈ తేడా దాలినాయుడికి తెలియంది కాదు. కొత్తగా పనిలో చేరినవాళ్లకి దాన్ని నేలమీద సుద్దముక్కతో గీసి చెప్పేది అతనే.

కాని అతని కళ్లముందు ఉన్నది డాక్టరమ్మ కారు కాదు, లోకనాథం కారు. లోకనాథం అతని కంటే నాలుగేళ్లు వెనక షెడ్డులో చేరాడు, మూడేళ్ల కిందటే సొంత షెడ్డు పెట్టుకున్నాడు. కిందటేడు పందెం గెలిచాడు. పేపర్లో పడిన అతని ఫోటోని మేస్త్రి స్వయంగా కత్తిరించి, పానాలు వేలాడే గోడకి అంటించాడు. అంటిస్తూ, "ఇంజన్ చప్పుడు పట్టడంలో వీడి చెవి మంచిది" అన్నాడు. అంతే అన్నాడు. ఆ మధ్యాహ్నం దాలినాయుడు అన్నం క్యారేజీ మూత తీసి, తినకుండానే మళ్లీ పెట్టేశాడు. ఆనాటినుంచి అతను టీకి వెళ్లినా, బోల్టులకి వెళ్లినా లోకనాథం షెడ్డు ముందునుంచే వెళ్లేవాడు. అది చుట్టుదారి. వెళ్తూ వెళ్తూ లోపల ఎన్ని బళ్లున్నాయో చూసేవాడు. పందెం కారు బానెట్‌ని చీల్చుకుని జానెడు పైకి లేచిన మేనిఫోల్డ్ ఎత్తుని కంటితోనే కొలిచేవాడు. తన చెవికేమయిందని ఒక్కోసారి అద్దంలో చూసుకున్న మాట కూడా నిజం.

మేస్త్రి ప్రశ్న విన్నాడు. చేతిలో ఉన్న వాల్వుని గుడ్డతో తుడుస్తూ, "ఏది పెడతావో నీ ఇష్టంరా. పెట్టాక మాత్రం వారం రోజులు డాక్టరమ్మని ఆసుపత్రికి నువ్వే తీసుకెళ్లి తీసుకురా" అన్నాడు. బండి తీరు చూడాలి కాబట్టి వారంపాటు నాయుడే నడుపుతాడని డాక్టరమ్మకి ఫోన్ చేసి చెప్పాడు కూడా.

దాలినాయుడు ఎత్తయినదే బిగించాడు. బానెట్ మూతపడలేదు. ఆమెని అడగకుండానే బానెట్‌కి బెత్తెడు వెడల్పున కంత కోశాడు. సాయంత్రం ఆమె వచ్చి ఆ కంతలో వేలు పెట్టి అంచు తడిమి చూసింది. "ఇలా కోయక తప్పదా నాయుడూ?" అంది. "తప్పదమ్మా" అన్నాడు. ఆ మాట అబద్ధమని అతనికి తెలుసు.

ఖాళీ రోడ్డు మీద కారు పులిలా ఉరికింది. ఆ గర్జన వింటూ లోకనాథం షెడ్డు ముందు ఒకసారి పోనిచ్చాడు. మలుపు తిరిగి వచ్చి మళ్లీ పోనిచ్చాడు. లోకనాథం చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నవ్వి, చెయ్యి ఊపాడు. ఆ నవ్వు వెనక ఎంత మంట ఉందోనని ఊహించుకుని, దాలినాయుడు చాన్నాళ్ల తర్వాత కడుపునిండా అన్నం తిన్నాడు.

మూడోరోజు పొద్దున్న డాక్టరమ్మకి ఇంటి దగ్గరే ఫోన్ వచ్చింది. కాన్పు కష్టమయింది, వెంటనే కోత పెట్టాలి, మత్తు ఇచ్చేవాళ్లు లేరు. ఆమె జడ కూడా వేసుకోకుండా వచ్చి పక్కసీట్లో కూర్చుంది. అది బళ్లన్నీ కదలకుండా నిలబడిపోయే వేళ. బస్సు వెనక బస్సు, మధ్యలో ఆటోలు. అడుగు కదిలితే పది నిమిషాలు ఆగాలి. నెమ్మదిగా తిరిగే ఇంజన్‌కి ఆ పెద్ద ఖాళీ గదిలోంచి గాలి బలంగా లాగడం చేతకాలేదు. పెట్రోలు ఆవిరవక దారుల్లోనే తడితడిగా అంటుకుపోయింది. కారు దగ్గింది, వణికింది, పాత గాజువాక కూడలి నడిమధ్యన ఆగిపోయింది. తాళం తిప్పితే అంటుకుని, యాక్సిలరేటర్ మీద కాలు వెయ్యగానే మళ్లీ చచ్చింది. ప్లగ్గులు తడిసిపోయాయని చప్పుడులోనే తెలుస్తోంది. వెనక హారన్లు. డాక్టరమ్మ వాచీ చూసుకుంది. తలుపు తీసుకుని దిగి, బళ్ల మధ్యనుంచి చీర పైకి పట్టుకుని పరిగెత్తి, అవతలి వైపు ఒక ఆటో ఎక్కింది.

దాలినాయుడు కారుని ఒంటరిగా తోస్తుంటే పక్కన ఇంకో భుజం ఆనింది. తిరిగి చూస్తే లోకనాథం. స్కూటర్ ఎక్కడో ఆపి వచ్చాడు. ఇద్దరూ కలిసి కారుని రోడ్డు పక్కకి తెచ్చారు. లోకనాథం బానెట్ ఎత్తి చూసి నెమ్మదిగా అడిగాడు.

"అన్నా, రోజూ తిరిగే బండికి ఇదెందుకు పెట్టేవు?"

"నువ్వెట్టలేదేటి?"

"నా బండి రోడ్డెక్కదన్నా. పందేనికి లారీ మీద వెళ్తాది, లారీ మీదే వస్తాది. ఇంటి నుంచి సందు చివరకెళ్లే లోపల మూడుసార్లు ఆగిపోతాది." లోకనాథం చూపు నేలకి దించుకున్నాడు. "డాక్టరమ్మ బండి ఒక్కసారి నా చేతికియ్యమని గురువుగారిని ఎన్నిసార్లడిగేనో. దానికి నాయుడున్నాడు కదా అనీవారు. ఆ మాటకి నాకెంత కుళ్లుగా ఉండీదో నీకేం తెలుసు."

ఆ మాట చెవిన పడగానే దాలినాయుడి గుండెలో తియ్యగా ఏదో కదిలింది. ఆపరేషన్ బల్ల మీద ఒక మనిషి ఎదురుచూస్తోందన్న సంగతి ఆ తియ్యదనం తర్వాతే గుర్తొచ్చింది. అలా తర్వాత గుర్తొచ్చినందుకు తనమీద తనకే రోత పుట్టింది.

సాయంత్రం డాక్టరమ్మే షెడ్డుకి వచ్చింది. ఎవరూ అడక్కుండానే, "తల్లీ బిడ్డా బాగున్నారు. ఇంకో అయిదు నిమిషాలు ఆలస్యమైతే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని" అంది. మేస్త్రి తలాడించి మళ్లీ పనిలో పడ్డాడు. దాలినాయుడు అప్పటికే ఎత్తు మేనిఫోల్డ్ దించేసి, రెండంతస్తులది బల్లమీద పెట్టి ఉన్నాడు. మర్నాటికి బిగించాడు. బానెట్ కంతకి రేకు వేసి అతికి, రంగు పూశాడు. ఎంత అరగదీసినా అతుకు కనిపిస్తూనే ఉంది. ఆమె దాని గురించి మళ్లీ మాట్లాడలేదు. మిగిలిన నాలుగు రోజులూ కారు ఆ కూడలిలో బస్సుల మధ్య గంటసేపు నిలబడినా దగ్గలేదు. ఈ పొట్టి మేనిఫోల్డ్‌కి తగ్గట్టు కార్బొరేటర్‌ని సవరించడానికి అతను ఒక ఆదివారమంతా కూర్చున్నాడు. అలా కూర్చున్నంతసేపూ లోకనాథం అతనికి గుర్తురాలేదు.

పందెం రోజు వచ్చింది. డాక్టరమ్మ తనే నడిపింది. మొదటి సగం దూరం ఆమె కారే ముందుంది. జనంతోపాటు దాలినాయుడూ లేచి నిలబడ్డాడు. చివరి సగంలో లోకనాథం కారు గొంతు మారింది. రెండు కార్ల పొడుగు ముందుగా గీత దాటింది. జనం లోకనాథాన్ని భుజాలకెత్తుకున్నారు. ఎవరో పూలదండ వేశారు. ఫోటోలు తీశారు.

దాలినాయుడు కదలకుండా అటే చూస్తూ నిలబడ్డాడు. అన్నీ తెలిశాయనుకున్నాడు. కూడలిలో జరిగింది మర్చిపోలేదు. లోకనాథం తనని చూసి కుళ్లుకున్నాడన్న మాట కూడా మర్చిపోలేదు. అయినా ఆ దండ చూస్తే కడుపులో అదే మంట, కిందటేడు మండినచోటే. వాడు మెడ ఎలా వంచాడో, ఎవరెవరు చెయ్యి కలిపారో, ఎన్ని ఫోటోలు పడ్డాయో, ఒక్కటీ వదలకుండా చూశాడు. పందెం కారుని లారీ ఎక్కించి తాళ్లు కట్టేదాకా చూశాడు. అప్పటికి జనం పలచబడ్డారు. పక్కన మేస్త్రి గొడుగు కింద మడతకుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"గురువుగారూ," అన్నాడు దాలినాయుడు. "మీ మనసులో ఉన్నదే పెట్టేను. సరిగ్గానే పెట్టేను. అయినా ఆడే గెలిచేడు. ఆడికంటే నాకేటి తక్కువ, చెప్పండి."

మేస్త్రి అటు తిరిగి, డాక్టరమ్మ కారు నిలిపి ఉండాల్సిన చోటు చూపించాడు. అక్కడ ఎండ తప్ప ఏమీ లేదు.

"అరగంటయింది, ఆసుపత్రి నుంచి ఫోనొస్తే ఆ కార్లోనే వెళ్లింది. వెళ్తూ నిన్ను రెండుసార్లు పిలిచింది" అన్నాడు. "చేరిందో లేదో కనుక్కో."