ఐదు బస్సుల ఫ్లెక్సీ

పార్వతీపురంలో ఫ్లెక్సీ డిజైన్లు చేసే పైడయ్య ఇంట్లో ముగ్గురు మనుషులు, ముగ్గురూ తెలివైనవాళ్ళే. ఊళ్ళో ఎవరూ ఆ మాట అనలేదు గనక వాళ్ళే చెప్పుకునేవాళ్ళు. "ఎవరేం చెబితే అదే చేస్తాం. సొంత పైత్యం కలపం. తెలివంటే అదీ," అనేవాడు పైడయ్య. తమ్ముడు గురువులు తలూపేవాడు. భార్య నూకరత్నం తలూపి ఊరుకోక, ఆ గొప్ప పుట్టింటిదాకా మోసుకెళ్ళింది.

ఆవిడ అన్న సన్యాసిరావు అదే ఊళ్ళో టిఫిన్ హోటల్ పెడుతున్నాడు. "ఫ్లెక్సీ పని ఎవరికైనా ఇస్తాను గానీ మీ ఆయనకివ్వను," అన్నాడు. నూకరత్నం ఏడ్చినంత పనిచేసింది. "ఈ ఒక్కటీ మాకివ్వు అన్నయ్యా. తేడా వస్తే మళ్ళీ నీ గడప తొక్కను." ఇంకేముంది, అన్న మెత్తబడ్డాడు.

గురువులు దోసెలు, ఇడ్లీలు, సాంబారు బకెట్టు పేర్చి ముప్ఫై అడుగుల డిజైన్ చేశాడు. దాని మీద అడ్డంగా 'నమూనా మాత్రమే, ప్రింటుకి కాదు' అని వేసి బావగారి ఫోనుకి పంపాడు. పెద్ద పెద్ద షాపులవాళ్ళు అలాగే పంపుతారట. సన్యాసిరావు చూసి, "బాగుంది. చుక్క కూడా మార్చకుండా ఇలాగే వేయించండి," అన్నాడు.

అంతే! ఆ అడ్డం మాట తీసేయబోయిన మరిది చేతిమీద నూకరత్నం ఒక్కటేసింది. "చుక్కే మార్చొద్దన్న మనిషి, అంత పొడుగు మాట తీసేస్తే ఊరుకుంటాడా?"

"నిజమే వదినా, కొంపమునిగేది," అన్నాడు గురువులు.

విజయనగరంలో ప్రింటు వేసే త్రినాథరావుకి మెయిల్ చేస్తే ఫైలు వెళ్ళనే లేదు. ఆయన ఫోన్లో, "అంత పెద్దది ఒక్కసారిగా పట్టదయ్యా, ముక్కలు చేసి పంపు," అన్నాడు. సరే, డిజైన్ని నాలుగు ముక్కలు కోసి నాలుగు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించారు. నాలుగూ ఒకే కవర్లో పెట్టబోతుంటే పైడయ్య ఆపాడు. "ఒక్కచోట పెడితే దారిలో కలిసిపోయి మళ్ళీ పెద్దదైపోదూ?"

మొగుడి తెలివికి నూకరత్నం మురిసిపోయింది. ఇంకేముంది, నాలుగు ముక్కలు, నాలుగు బస్సులు, నలుగురు కండక్టర్లు. సాంబారు బకెట్టు ఎక్కిన బస్సు దారిలో చెడిపోయి సాయంత్రానికి గానీ చేరలేదు.

త్రినాథరావు మళ్ళీ ఫోన్ చేశాడు. "ముక్కలు ఎలాగో అతికించుకున్నాను. మీరు వాడిన అక్షరాలు నా కంప్యూటర్లో లేవు, అన్నీ గళ్ళు గళ్ళుగా వస్తున్నాయి. ఆ అక్షరాలు కూడా పంపండి."

చేతిరాతలో తనని మించినవాళ్ళు లేరని నూకరత్నం వెంటనే తెల్లకాగితం ముందేసుకుంది. అ దగ్గర్నుంచి ఱ దాకా గుండ్రంగా రాసింది.

"ఱ ఎందుకు వదినా, ఎవరూ వాడటంలేదుగా?"

"పంపుదాం మరిదీ. పెద్ద ఫైలు, ఏది తక్కువొస్తుందో ఏమో!"

అది ఐదో బస్సెక్కింది. త్రినాథరావు ఆ కాగితం మడిచి పక్కన పెట్టాడు. తన దగ్గరున్న అక్షరాలే పెట్టుకుని, ఫోన్ చేసి, "అడ్డంగా ఈ మాటేంటి పైడయ్యా, తీసేయనా?" అనడిగాడు.

"చుక్క కూడా కదపకండి. అది మా బావగారి మాట."

ప్రింటు పడింది. హోటల్ తెరిచే ముందురోజు సాయంత్రం, రోడ్డువైపు వెదుళ్ళు పాతి ఫ్లెక్సీ కట్టారు. సన్యాసిరావు వచ్చి తలెత్తి చదివాడు. ముఖం కందగడ్డ అయింది.

"రేపు కొబ్బరికాయ కొట్టేసరికి ఆ మాట రోడ్డు మీద ఒక్కడి కంటబడినా నాకు చెల్లెలూ లేదు, బావా లేడు," అని విసురుగా వెళ్ళిపోయాడు.

బ్లేడుతో గీకుదామన్నాడు గురువులు. దుప్పటి కప్పుదామన్నాడు పైడయ్య, కానీ ఇంట్లో అంత దుప్పటి లేదు. నూకరత్నమే ఆలోచించి ఉపాయం చెప్పింది. ముగ్గురూ కలిసి చకచకా కట్లు విప్పి మళ్ళీ బిగించారు.

తెల్లారి సన్యాసిరావు కొబ్బరికాయతో వచ్చేసరికి రోడ్డువైపు ముప్ఫై అడుగుల తెల్లటి ఫ్లెక్సీ రెపరెపలాడుతోంది. బొమ్మలన్నీ హోటల్ వైపుకి తిరిగి ఉన్నాయి.

"ఒక్క అక్షరం కనిపిస్తే అడుగు అన్నయ్యా," అంది నూకరత్నం.

సన్యాసిరావు కొబ్బరికాయ కింద పెట్టేశాడు. "మరి ఇది హోటలని జనానికెలా తెలుస్తుందే?"

నూకరత్నానికి అన్న మీద జాలేసింది. తోడబుట్టినా, తెలివంతా తనకే వచ్చేసింది పాపం.

"జనాన్ని లోపలికొచ్చి టిఫిన్‌కి కూర్చోనీ అన్నయ్యా," అంది నెమ్మదిగా. "ఎదురుగా అంతా వివరంగా రాసే ఉందిగా!"