గంజి దానం

వరదభూపతి మహారాజుగారికి ఓ రోజు పెరుగన్నం కలుపుకుంటూ ఉండగా పెద్ద సందేహం వచ్చింది. చెయ్యి కడుక్కున్నారో లేదో, సభ తీర్చమన్నారు.

"ఏరు పొంగి ఇళ్ళూ వాకిళ్ళూ పోయిన ఆడవాళ్ళు నలభై మంది మన సత్రంలో ఉన్నారు. నెలనెలా డప్పు కొట్టించి బియ్యం ఇస్తున్నాం. నెల తిరక్కుండానే మళ్ళీ చేతులు చాస్తున్నారు. ఒక్కసారి ఇస్తే మళ్ళీ ఇవ్వక్కర్లేని దానం ఏదైనా ఉందా?"

దానాధికారి గరుడయ్య లేచాడు. ముందు ఆయన తలపాగా లేచింది, వెనకాల ఆయన లేచాడు అనాలి. ఏడు మడతలది, గోపురంలా నిటారుగా నిలబడి ఉంటుంది.

"ప్రభూ, చాచే చేతులుంటేనే కదా మనకి పుణ్యం! వాళ్ళు మానేస్తే నా డప్పేం కావాలి? తమకంత విసుగైతే ఏరు దాటించి పక్క రాజ్యానికి పంపేద్దాం."

రాజుగారు కాసేపు మీసం దువ్వుకున్నారు.

"కార్తీక పున్నమి దాకా గడువు. ఆ రోజు నలభై మందీ ఈ సభలో నిలబడాలి. సత్రంలో మనిషి ఒక్కరూ చెయ్యి చాచకూడదు. అలా చేసి చూపించినవాళ్ళకి అడిగింది ఇస్తాను. లేదా, గరుడయ్య చెప్పినట్టే ఏరు దాటిస్తాను."

మజ్జిగ తెచ్చిన వంటశాల పెద్ద పేరమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. సత్రంలో వాళ్ళంతా ఆవిడకి తెలిసినవాళ్ళే. అందులో ఒకతి నిండు చూలాలు, ఒకావిడ కళ్ళు కనపడని ముసలమ్మ. ఏరు దాటి ఎవరింటికి పోతారు? మనసులో రాముణ్ణి తలుచుకుని, నెమ్మదిగా అంది.

"ప్రభూ, రోజూ మీరు పారబోయించేది నాకు ఇప్పించండి. గంజి."

సభ గొల్లుమంది.

"మహారాజుగారి చేతి దానం గంజా!" అన్నాడు గరుడయ్య. "డప్పు కొట్టించమంటావా పేరమ్మా?"

"ఇప్పుడే వద్దు బాబూ. అవసరమొచ్చినప్పుడు నేనే అడుగుతాను."

కోటలో రోజూ మూడు వందల మందికి వంట. పన్నెండు గుండిగల గంజి కాలవ పాలయ్యేది. ఊళ్ళోనేమో పేదిళ్ళలో గంజి తాగడానికే చాలదు, ఇక బట్టలకెక్కడిది? నేతగాళ్ళ వీధిలో మగ్గం మీది పడుగుకి పట్టించడానికి గంజి లేక దారాలు తెగిపోతున్నాయి. చాకిరేవులో పంచెలు తడి అప్పడాల్లా వేలాడుతున్నాయి.

మొదటి రోజు గుండిగలు సత్రానికి రాగానే కోటమ్మ అనే ఆవిడ ముంత పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"తాగితే ఈ పూటకే సరి కోటమ్మా," అంది పేరమ్మ. "చింతగింజలు వేయించి, దంచి, ఆ పిండి ఇందులో పోసి ఉడికించు. ఏమవుతుందో చూడు."

బట్టకి పెడితే బిర్రుగా పట్టింది. నాలుగు రోజుల్లో నేతగాళ్ళు కుండలతో వచ్చారు, చాకళ్ళు మూటలు మూటలే తెచ్చి పడేశారు. కాచేవాళ్ళు కొందరు, ఆరేసేవాళ్ళు కొందరు, ఇత్తడి చెంబులో నిప్పులు పోసి మడతలు నొక్కేవాళ్ళు కొందరు. చూపులేని ముసలమ్మ బట్టని రెండు వేళ్ళ మధ్య రుద్ది, "ఇంకో ముంత పొయ్యండే" అంటే, ఇంకో ముంత కావలసిందే. కూలి కింద జొన్నలూ కందులూ వచ్చేవి.

నెల తిరిగేసరికి గరుడయ్య బియ్యం బండితో, డప్పుతో దిగాడు.

"మాకుంది బాబూ. లేనివాళ్ళకివ్వండి," అంది కోటమ్మ, కొంగుతో చేతులు తుడుచుకుంటూ.

డప్పు మోగకుండానే ఇంటికి పోయింది. గరుడయ్యకి ఆ పూట అన్నం సయించలేదు. పున్నమికి ముందు రోజు వంటశాలకి వెళ్ళి, దగ్గరుండి, పన్నెండు గుండిగల గంజీ కాలవలో పోయించాడు.

"పేరమ్మక్కా, కొంప మునిగింది!" అంటూ వచ్చింది కోటమ్మ. "నిన్నటి కుండ అడుగున దోసెడు పలచటి నీళ్ళు తప్ప ఏమీ లేవు."

"ఇంకా ఎవరి బట్టలున్నాయే?"

"అందరివీ ఇచ్చేశాం. చాకలి ఎల్లయ్య తెచ్చిన తలపాగా ఒక్కటే ఉంది. ఏడు మడతలది."

పేరమ్మ పెదవుల మీదకి నవ్వొచ్చింది. "ఆ నీళ్ళే పట్టించి పంపించు. ఆయన మిగిల్చింది అంతే కదా."

మర్నాడు పొద్దున మంచు దట్టంగా కురిసింది. నలభై మందీ సభలో చేతులు కట్టుకుని వరసగా నిలబడ్డారు. గరుడయ్య మంచులోంచి హడావిడిగా వచ్చాడు.

"ప్రభూ, గంజి అయిపోయింది, దానమూ అయిపోయింది! నిన్నటినుంచి వీళ్ళకి పనే లేదు. చూస్తూ ఉండండి, ఇప్పుడే చేతులు చాస్తారు!" అంటూ నడుం దాకా వంగి దండం పెట్టాడు.

తలపాగా ఆయనతోపాటే వంగింది. ఆయన లేచాడు, అది లేవలేదు. మంచుకి మెత్తబడిన ఏడు మడతలూ ఒకటొకటే జారి, కళ్ళు కప్పేసి, ముక్కు దాటి, మెడకి చుట్టుకున్నాయి.

"పొద్దున్నే ఈ చీకటేమిటి? అయ్యా, ఎవరైనా పట్టుకోండి! కాస్త చెయ్యందించండి!" రెండు చేతులూ చాచి సభంతా తడుముకుంటూ తిరిగాడు గరుడయ్య.

"ఏమిటిది పేరమ్మా?" అన్నారు రాజుగారు, నవ్వాపుకుంటూ.

"ఊళ్ళో తలపాగాలన్నిటికీ గంజి పెట్టేది వీళ్ళే ప్రభూ. నిన్న దానాధికారిగారు ఆ గంజి కాస్తా కాలవలో పోయించారు. ఇక చేతుల సంగతంటారా..."

"ఈ సభలో చెయ్యి చాచింది ఒక్కరే. ఆయన మా సత్రం మనిషి కారు!" అంటూ అందుకుంది కోటమ్మ.

రాజుగారు సింహాసనం మీద వెనక్కి వాలి మరీ నవ్వారు. మెడలోని ముత్యాల హారం తీసి పేరమ్మ చేతిలో పెట్టి, "ఇది నా ముచ్చట కొద్దీ ఇచ్చింది. నీకేం కావాలో అడుగు," అన్నారు.

"గంజి ఎప్పటికీ సత్రానికే రావాలి ప్రభూ. ఇంకొకటి, గరుడయ్యగారి డప్పు. అప్పుడు వద్దన్నాను కానీ, ఇప్పుడు అవసరమొచ్చింది. సత్రంలో బట్టలకి గంజి పెడతారని వీధివీధినా ఆయనే చాటించాలి."

కోటమ్మ వెళ్ళి గరుడయ్య కళ్ళ మీద మడత పైకెత్తింది.

"ఇటివ్వండి బాబూ, రేపటికి నిలబెట్టిస్తాం. కూలి మానెడు జొన్నలు."

"రేపటికా? డప్పు కొట్టడానికి బోడితలతో వెళ్ళనా? సాయంత్రానికే కావాలి!"

"అలాగైతే ముందు ఆ గుండిగలు పంపించండి!" అన్నారు నలభై మందీ ఒక్కసారే. సభ పగలబడి నవ్వింది. మడత కింద గరుడయ్య కూడా నవ్వాడు.